గాలి చూసి కుర్చీ వేసే మహానందన్న

మహానందన్నకు ఒకటే జబ్బు. ఎదుటివాళ్లు హాయిగా కూర్చుని ఉంటే చూడలేడు. లేపి ఇంకోచోట కూర్చోబెడతాడు. పెళ్లి భోజనాల్లో విస్తరి ముందు నుంచి లేపుతాడు, బస్సులో కిటికీ పక్క నుంచి లేపుతాడు. ఒకసారి బ్యాంకుకు పోయి మేనేజరును ఆయన సొంత కుర్చీలోంచే లేపాడు. అందరికీ చెప్పే కారణం ఒక్కటే: "గాలి తిరిగింది."

ఆ మనిషితో నేను రెండున్నరేళ్లు పనిచేశాను. నెలకు రెండుసార్లు కర్నూలు నుంచి కడపకు ఐదు గంటలు బస్సులో పక్కపక్కన కూర్చుని పోయేవాళ్లం. పక్కపక్కన అన్నది మాటవరసకు. నంద్యాల చేరేసరికి నేను మూడు సీట్లు మారి ఉండేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా "లేమ్మా" అంటే చాలు, చేతిలో ఏముందో చూసుకోకుండా లేచి నిలబడతాను. మా ఇంట్లోవాళ్లకు ఇదొక తమాషా.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ జానెడు నూలుపోగు ఉంటుంది. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టినవాడు, నూలుకు కరువేముంది? ఎక్కడికి పోయినా ముందు ఆ పోగు తీస్తాడు. రెండు వేళ్లతో పట్టుకుని ముక్కు ముందు వేలాడదీస్తాడు. అది ఎటు ఊగుతుందో చూస్తాడు, కళ్లు చిన్నవి చేస్తాడు, ఆ తర్వాత మన మీద పడతాడు.

"లేమ్మా శశమ్మా, ఈ పక్కకు రా."

"ఇప్పుడే కదన్నా ఆ పక్క నుంచి ఈ పక్కకు వచ్చింది!"

"అప్పుడు బస్సు తూర్పుకు పోతాండె. ఇప్పుడు మలుపు తిరిగింది. లే, లే."

"నా చేతిలో ఉగ్గాని పొట్లం ఉండాదన్నా. ఒక్క ముద్ద కూడా తినలా."

"దాన్ని కూడా తీసుకోని రా. నేనేమన్నా వద్దంటినా?"

కండక్టరు మా ఇద్దరినీ చూసి తల పట్టుకునేవాడు. "ఏమప్పా పెద్దాయనా, ఇది బస్సనుకున్యావా, కుర్చీలాట అనుకున్యావా?" అని అరిచేవాడు. మహానందన్న ఆయనకూ పోగు చూపించి, "నువ్వు గూడా ముందుకు పోయి నిలబడప్పా, ఈడ మంచిది కాదు" అనేవాడు. నన్ను లేపిన కిటికీ సీట్లో తను నింపాదిగా కూర్చునేవాడు. అక్కడ కాలేది నాకు. ముసలాయనకు కిటికీ సీటు మీద మోజు, గాలి అనేది వట్టి సాకు అని నేను మొదటి నెలలోనే తేల్చేశాను. ఆఫీసులో అందరికీ చెప్పాను కూడా.

ఇంతకీ మా ఉద్యోగమేమిటంటే, కర్నూలు కడప ఉమ్మడి గాలి సంఘం. పేరు విని నవ్వకండి, మా అత్తగారు ఇప్పటికే కావలసినంత నవ్వారు. రెండు ఊళ్లలోనూ గాలిలో దుమ్ము పెరిగింది. అది మీ దుమ్మే అని కర్నూలువాళ్లు, కాదు మీదే అని కడపవాళ్లు ఉత్తరాలు రాసుకున్నారు. పైనున్నవాళ్లు విసిగిపోయి, ఇద్దరూ కలిసి కొలవండి, కలిసి తగ్గించండి అని ఒక సంఘం పెట్టించారు. అందులో నేను మీటింగుల్లో మాటలు రాసుకునే గుమస్తాను. మహానందన్న మిషన్లు చూసుకునే మనిషి.

మిషను అంటే మిద్దె మీద నిలబెట్టిన పెద్ద ఇనుప డబ్బా. లోపల తెల్ల కాగితం పెడితే, గాలిని గుంజి దుమ్మంతా ఆ కాగితం మీద పట్టుకుంటుంది. వారానికి రెండు రోజులు నడపాలి, ఎనిమిది గంటలకోసారి కాగితం మార్చాలి. పెట్టకముందు ఒకసారి, తీశాక ఒకసారి తూస్తే, ఎంత బరువు పెరిగిందో అంత దుమ్ము. కర్నూలు తరఫున కల్లూరులో ఒకటి పెట్టారు, కడపలో ఒకటి పెట్టారు. తూకం దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. ఎవరి కాగితం వాళ్లే తూస్తే ఎవరు నమ్ముతారు? అందుకని కర్నూలు కాగితాలు కడపలో తూయాలి, కడప కాగితాలు కర్నూలులో తూయాలి అని ఒప్పందం. పెళ్లి సంబంధాల్లో కూడా ఇంత అనుమానం నేను చూడలేదు. ఆ కాగితాల పెట్టె ఒళ్లో పెట్టుకునే మహానందన్న నన్ను అన్ని సీట్లు మార్పించింది.

మీటింగులకు కర్నూలు తరఫున ధనుంజయ సారు, కడప తరఫున రాజేశ్వరి మేడం పెద్దలు. ఇద్దరూ మంచివాళ్లే. వేరువేరుగా ఉన్నప్పుడు ఇంకా మంచివాళ్లు. ఒక గదిలో పెడితే మాత్రం ఒకరు అవునన్నది ఇంకొకరు కాదనాలి. నేను మూడు గంటలు రాసి, చివర "ఈ విషయము తదుపరి సమావేశమున చర్చించవలెనని తీర్మానించడమైనది" అని పెట్టేదాన్ని. ఆ వాక్యం ఎన్నిసార్లు రాశానంటే, ఒకసారి పాలవాడి చీటీ మీద కూడా రాసేశాను.

అక్కడ కూడా మహానందన్న ఊరుకునేవాడు కాదు. ధనుంజయ సారు లేచి, బల్ల గుద్ది, "అసలు కడప రోడ్ల పని చూస్తే..." అని మొదలుపెట్టగానే వెనక నుంచి పోగు పట్టుకుని వచ్చేవాడు.

"సార్, ఒక్క నిమిషం. ఆ కుర్చీకి జరగండి."

"మాట్లాడతాండా కదయ్యా!"

"ఆడికి పోయి మాట్లాడండి సార్. గాలి తిరిగింది."

సారు జరిగేవాడు. జరిగి కూర్చునేసరికి కడప రోడ్ల సంగతి మరిచిపోయేవాడు. రాజేశ్వరి మేడం మొదట్లో, "ఏందయ్యా ఇది, నేను మీటింగుకొచ్చినానా, బొంగరం మాదిరి తిరిగేదానికొచ్చినానా?" అని కోప్పడింది. నాలుగో మీటింగుకు ఆవిడ కూడా అలసిపోయింది. ఆయన పోగు బయటికి తీయగానే ఫైలు, కళ్లజోడు, నీళ్లసీసా అన్నీ సర్దుకుని తయారుగా ఉండేది. మా అందరినీ లేపాక, ఖాళీ అయిన కుర్చీల్లో ఒకటి చూసుకుని తను కూర్చునేవాడు. మంచి చోటు కొట్టేశాడని మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్లం.

మా సంఘం చరిత్రలో ఒక్కసారి మాత్రం ఏకగ్రీవ తీర్మానం జరిగింది. దానికి కారణం కల్లూరు మిషను దగ్గర కాపలా ఉండే పుల్లయ్య. ఆ వారం కర్నూలు కాగితం మీద దుమ్ము నాలుగింతలు వచ్చింది. కడపలో తూసిన రాజేశ్వరి మేడం అప్పటికప్పుడు "తీవ్ర ఆందోళన" తెలుపుతూ రెండు పేజీల ఉత్తరం రాసింది. మహానందన్న, నేను కల్లూరు పోయి పుల్లయ్యను అడిగాం.

"పుల్లయ్యా, మిషను కాడ ఏం చేసినావు?"

"ఏం చేసింటా అన్నా? ఆయుధపూజ చేసినా. కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, సాంబ్రాణి వేసినా. పాపం, ఏడాదంతా దుమ్ము మింగుతాండాది. ఆ పొద్దన్నా దానికి నాలుగు మంచి పొగలు చూపియ్యొద్దా?"

"యాడ వేసినావు సాంబ్రాణి?"

"దాని ముక్కు ముందరే. బాగా గుంజుకున్యాది అన్నా! శానా సంతోషపడినట్టుండాది."

నేను నవ్వాలో ఏడవాలో తెలియక గోడకు ఆనుకున్నాను. మహానందన్న మాత్రం పుల్లయ్యను ఒక్క మాట అనలేదు. "ఈసారి గాలికి అవతలి పక్క వెయ్యప్పా" అని చెప్పి, ఎండలో నిలబడి ఉన్న అతన్ని జరిపి, నీడలో కూర్చోబెట్టి వచ్చాడు. ఇక కర్నూలు పరువు పోయిందనుకుంటున్నంతలో కడప కాగితాలు వచ్చాయి. విప్పి చూస్తే వాటి మీద దుమ్ముకంటే కుంకుమ ఎక్కువుంది, అంచున ఒక బంతిపువ్వు రేకు అతుక్కుని ఉంది. మరుసటి మీటింగులో ఆ రోజు లెక్కలు రెండు ఊళ్లవీ కొట్టివేయాలని నిమిషంలో తీర్మానమైంది. ఉత్తరం సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత మూడో మిషను వచ్చింది. అప్పటినుంచి మా ప్రాణాలకు శని పట్టుకుంది. అది మాకే కావాలని కర్నూలు, కాదు మాకే అని కడప. పెట్టె కూడా విప్పకుండా మా ఆఫీసు వరండాలో ఎనిమిది నెలలు ఉంది. నేను దాని మీద టిఫిన్ డబ్బా పెట్టుకునేదాన్ని. జూలై ఆఖరులోగా ఎక్కడో ఒకచోట బిగించకపోతే వెనక్కి తీసుకుపోతామని పై నుంచి కాగితం కూడా వచ్చింది.

ఆ రోజుల్లోనే శివలీల వచ్చింది. బేతంచెర్లలో అంగన్‌వాడీ టీచరు. పొద్దున బస్సెక్కి మా కర్నూలు మీటింగుకు వచ్చి, పిలిచేదాకా గుమ్మం దగ్గర నిలబడింది. వాళ్ల ఊళ్లో నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే షెడ్లు ఉన్నాయి. పాలిష్ పట్టినప్పుడు వచ్చే తెల్ల బురదను ట్రాక్టర్లతో తెచ్చి వాళ్ల అంగన్‌వాడీ ఎదురుగా పోస్తున్నారు. అది ఎండితే మైదాపిండిలాగా అవుతుంది. గాలి లేస్తే అదంతా పిల్లల మీదికి వస్తుంది. ఇరవై రెండు మంది పిల్లలైతే పద్నాలుగు మందికి దగ్గు తగ్గడం లేదు. ఇద్దరు ముగ్గురు తల్లులు బిడ్డలను పంపడం మానేశారు.

"కుప్ప తీయించమని అడగాల్సిన చోటల్లా అడిగినా సార్," అంది. "దుమ్ము ఎంతుందో లెక్క తెమ్మంటాండారు. మీ కాడ మిషను ఊరికే ఉండాదంట కదా. అది మా మిద్దె మీద పెట్టియ్యండి."

ధనుంజయ సారు కొంచెం ఇబ్బందిపడ్డాడు. "అమ్మా, ఇది నగరాల సంఘం. బేతంచెర్ల నగరం కాదు కదా."

"దుమ్ముకు ఆ సంగతి తెల్దు సార్."

రాజేశ్వరి మేడం మెత్తగానే అడిగింది. "అది సరే గానీ, అక్కడ మిషను పెట్టేంత దుమ్ము ఉందని చెప్పడానికి మీ దగ్గర ఏదన్నా లెక్క ఉందా?"

"లెక్క కోసమే కదా మేడం మిషను అడుగుతాండేది!"

"లెక్క లేనిదే మిషను ఎట్లా ఇస్తాం?"

శివలీల ఇద్దరి మొహాలూ చూసింది. నేను తల వంచుకుని, తదుపరి సమావేశమున చర్చించవలెనని రాశాను. రాస్తుంటే నామీద నాకే అసహ్యం వేసింది. మహానందన్న లేచి ఆమె దగ్గరికి పోయాడు. "ఆ పక్కకు జరగమ్మా, గాలి..." అన్నాడు. "నేను నిలబడే ఉండా కదన్నా, నన్ను కూడా లేపుతావా?" అందామె. మొట్టమొదటిసారి ఎవరినీ జరపకుండానే ఆయన పోగు జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ నెల రెండుసార్లు కడపకు పోయాం. రెండుసార్లూ ఆయన ఏదో ఆలోచిస్తూనే ఉన్నాడు, నన్ను లేపడం మాత్రం మానలేదు. జూలై మీటింగు ఎక్కడ పెట్టాలన్న తగువు మామూలుగానే మొదలైంది. ఎండలకు మేము రాలేమని కడప, మా వంతు అయిపోయిందని కర్నూలు. అప్పుడు మహానందన్న వెనక నుంచి, "నడిమధ్యలో పెట్టుకుంటే సరిపోతాది కదా సార్. బేతంచెర్లలో. రైలు గూడా ఉండాది" అన్నాడు.

అది నడిమధ్య కాదని మ్యాపు చూసిన ఎవరికైనా తెలుస్తుంది. కానీ రెండువైపులా ఎంత విసిగిపోయి ఉన్నారంటే, అవతలివాళ్ల ఊరికి పోనక్కర్లేదు అన్న ఒక్క సంతోషంతో ఇద్దరూ సరే అనేశారు.

ఆషాఢం గాలి సంగతి మా సీమలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆరేసిన దుప్పటి పక్క వీధిలో వెతుక్కోవాలి. ఆ గాలిలో మేము బేతంచెర్ల అంగన్‌వాడీకి చేరేసరికి పదకొండు. మహానందన్న ముందు రోజే వచ్చాడట. చిన్న ఆవరణలో గోడ వెంబడి వరుసగా కుర్చీలు వేసి ఉంచాడు. ఎదురుగా రోడ్డు, రోడ్డు అవతల తాటిచెట్టంత ఎత్తున తెల్లటి కుప్ప. పెద్దలందరినీ ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టాడు. నన్ను మాత్రం లోపల గది మూలన, పిల్లల చాపల పక్కన కూర్చోమన్నాడు. మొన్న కడప బస్సులో లేపిన కోపం నాలో ఇంకా ఉంది, మాట్లాడకుండా పోయి కూర్చున్నాను.

మీటింగు మొదలైన ఐదు నిమిషాలకు గాలి లేచింది. కుప్ప మీద నుంచి తెల్లగా ఒక పొర లేచి, రోడ్డు దాటి, తిన్నగా మా పెద్దల మీద వాలింది. ధనుంజయ సారు మీసం తెల్లబడింది. రాజేశ్వరి మేడం మెరూన్ రంగు చీర కట్టుకుని వచ్చింది, అది ఏ రంగని ఎవరైనా అడిగితే చెప్పలేని స్థితికి వచ్చింది. టీ గ్లాసుల మీద మీగడ కట్టినట్టు కట్టింది. అందరూ దగ్గుతూ ఒకరి తర్వాత ఒకరు మహానందన్న వైపు చూడటం మొదలుపెట్టారు.

"మహానందీ, గాలి తిరిగినట్టుందే?" అన్నాడు సారు.

"తిరగలా సార్. పొద్దట్నుంచి ఈ పక్కకే కొడతాండాది."

"మరి జరపవయ్యా మమ్మల్ని!"

"యాడికి జరపాల సార్? పిల్లోళ్లు రోజూ ఈడనే కదా కూర్చునేది. వేరే చోటు ల్యా."

"ఆ పోగు తీసి చూడు, మహానందీ!" మేడం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బతిమాలింది. రెండున్నరేళ్లలో ఆయన్ను ఆ పోగు తీయమని అడిగినవాళ్లను నేను అప్పుడే చూశాను. ఆయన చేతులు కట్టుకుని, కదలకుండా నిలబడ్డాడు. పిల్లలు నా పక్కన కిటికీ దగ్గర గుంపుగా చేరి, "టీచర్, టీచర్, సారుకు పిండి పూసినారు!" అని కేరింతలు. శివలీల వాళ్లను ఊరుకోబెడుతూ తనూ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఏడు నిమిషాలు. నేను గడియారం చూసి చెబుతున్నాను. "కర్నూలుకు వద్దు, మిషను ఇక్కడే పెట్టండి" అని సారు అన్నాడు. "మేం ముందే వద్దనుకున్నాం, కడపకు అసలే వద్దు" అని మేడం అంది. ఇవ్వడంలో కూడా పోటీయే. కుప్పను తీసి ఊరి బయట పాత క్వారీ గుంతలో పోయించాలని రెండు ఊళ్ల తరఫున ఒకే ఉత్తరం పోవాలన్నారు. సంతకాలు దుమ్ములోనే పెట్టారు. ఆ కాగితం ఇప్పటికీ ముట్టుకుంటే గరగరలాడుతుంది.

తర్వాత అందరూ శివలీల తెచ్చిన బిందె చుట్టూ చేరి మొహాలు కడుక్కున్నారు. మేడం మొహం తుడుచుకుంటూ, నిష్ఠూరంగా అడిగింది. "రెండేళ్లుగా పనున్నా లేకపోయినా మమ్మల్ని లేపినావే, ఈ పొద్దు ఏమొచ్చిందయ్యా నీకు?"

మహానందన్న తప్పు చేసి దొరికినవాడిలా నేల చూశాడు. "తప్పు నాదే మేడం. యాడికి పోయినా దుమ్ము రాని పక్క చూసి కూర్చోబెడితి మిమ్మల్ని. ఇంగ మీకు దుమ్ము యాడ కనపడుతాది? ఈయమ్మ వచ్చి మొత్తుకుంటాంటే మీకు తెలీక పాయె. ఆ పొద్దే తెలిసొచ్చింది నాకు."

దుమ్ము రాని పక్కకు మమ్మల్ని పంపితే, మేము లేచిన కుర్చీ ఏ పక్కది? లారీ వెనక పోతున్న బస్సులో ఆ కిటికీ సీటు ఎట్లాంటిది? నేను ఉగ్గాని తింటుంటే పక్కన చొక్కా భుజం దులుపుకుంటూ ఆయన దగ్గిన దగ్గులన్నీ గుర్తొచ్చాయి. వయసు దగ్గు అనుకున్నాను. ఆఫీసులో నేను పుట్టించిన మాటలు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

"అన్నా, మరి రోజూ నువ్వు యాడ కూర్చుంటాంటివి?" అన్నాను.

"యాడో ఒకచోట లేమ్మా. మీరంతా కూర్చున్యాక మిగిలిన కుర్చీలో," అన్నాడు. ఇంకేమైనా అడుగుతానేమోనని గబగబా బిందె తీసుకుని లోపలికి పోయాడు.

మిషను ఆ నెలలోనే ఆ మిద్దె ఎక్కింది. అందులోంచి తీసిన మొదటి కాగితం చూసిన తర్వాత లెక్క ఏదని శివలీలను ఎవరూ అడగలేదు. కుప్ప ఒక్కసారిగా పోలేదు, అంత అదృష్టం మా సీమకు ఎక్కడిది? ముప్పై ట్రాక్టర్లు పోయాయి, ఇంకా అంతకంటే ఎక్కువే ఉంది, ఉన్నదాని మీద నీళ్లు కొట్టి టార్పాలిన్ పట్టాలు కప్పుతున్నారు. మానేసిన పిల్లలు మాత్రం తిరిగి వస్తున్నారు. బేతంచెర్ల కాగితాలు మార్చే పని మహానందన్న అడిగి మరీ వేయించుకున్నాడు. బస్సులో ఇప్పుడు నన్నెవరూ లేపరు. హాయిగా ఉందని చెబితే అబద్ధమే.

పోయిన నెల సంతకాల పనిమీద అక్కడికి పోయాను. మహానందన్న మిద్దె దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి పోగు తీశాడు. ఆయన నోరు తెరవకముందే పిల్లలంతా కేకలు పెడుతూ చాపలు చుట్టుకుని అవతలి పక్కకు పరుగెత్తారు. ఆయన తృప్తిగా చూసి, వాళ్లు ఖాళీ చేసిన చోట చతికిలబడబోయాడు. మూడేళ్ల పిల్ల ఒకతి, ముక్కు కారుతూ వెనక్కి వచ్చి ఆయన చొక్కా పట్టుకుని గుంజింది.

"తాతా, ఈడ కాదు! గాలి తిరిగింది! లే!"

"నాకేంటికిలేమ్మా, నేను పెద్దోణ్ని."

"లేస్తావా లేదా?"

మహానందన్న నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచి, ఆ పిల్ల వెంట అవతలి పక్కకు పోయి, చాప మీద పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు.